ఎగదోసుడు అంటే ఏందని అడిగిండ్రు

నేను హైస్కూల్ల తెలుగు చెప్త. ఇల్లు ఇబ్రహీంపట్నంల, బస్ డిపో ఎనుక గల్లీల. మా ఆయన డిపోల మెకానిక్. బడి మాత్రం సాగర్ రోడ్డు మీదికెళ్లి లోపలికి పోతే వచ్చే ఒక ఊర్ల ఉంటది. పొద్దుగాల ఆటో, సాయంత్రం ఎవరిదన్న బండి. పద్నాలుగేండ్ల సంది ఇదే తొవ్వ. ఇన్నేండ్లల తెలుగు మాటకు అర్థం చెప్పమని పిల్లలు అడిగిండ్రు, పిల్లల తల్లులు అడిగిండ్రు, పెండ్లి పత్రికలు అచ్చేసేటోళ్లు అడిగిండ్రు. పోలీసులు అడిగింది ఒక్కసారే.

మా బడిల మధ్యాహ్న భోజనం వండే ఆమెను అందరం అక్క అంటం. నాకంటె పదేండ్లు పెద్దది. అయిదో తరగతి కాడ చదువు ఆగిపోయింది గని మాటల కాడికొస్తే ఆమె ముందల నేనే పిల్లను. బడికి గ్యాస్ వచ్చినా నెలల సగం రోజులు సిలిండర్ ఉండదు. వంటగది బయట మూడు రాళ్ల పొయ్యి మీదనే పెద్ద డేగిస ఎక్కిస్తది. లీజర్ పీరియడ్ల నేను ఆడికి పోయి పీట మీద కూసుంట. "ఈ కట్టె మాడుతుంది టీచరమ్మా, మండుతలేదు" అంటది. మాడుడు, మండుడు నడుమ తేడా ఇంత సక్కగ నేను క్లాసుల ఎన్నడు చెప్పలే. ఆమె అనే మాటలు నా డైరీ ఎనుక పేజీలల్ల రాసుకునుడు నాకు అలవాటు.

అక్కకు ఊరి బయట ఎకరం పొలం ఉన్నది. పోయినేడు ఆ దిక్కు కొత్త రోడ్డు కొలతలని కొందరు వచ్చిండ్రు. రాళ్లకు ఎర్ర రంగు పూసి పోయిండ్రు. ఎవరి భూమి ఎంత పోతదో చెప్పినోడు లేడు. నోటీసు అని ఏదీ రాలే. ఊరోళ్లు రెండు మూడు సార్లు ఎమ్మార్వో ఆఫీసుకు పోయిండ్రు. మాకు తెల్వదు, పైన అడుగుండ్రి అని తిప్పి పంపిండ్రు. దాంతోటి ఒక రెండో శనివారం నాడు ఇబ్రహీంపట్నంల, మార్కెట్‌కు పోయే తొవ్వల టెంటేసి కూసున్నరు.

నేను ఆ రోజు కూరగాయలకు పోయిన. సర్కారు నౌకరి చేసేటోళ్లు అసోంటి టెంట్ల కింద కూసోవద్దు, అందుకే రోడ్డుకు ఈ పక్క చెరుకు రసం బండి కాడ నిలవడ్డ. మైకుల అక్క గొంతు ఇనవడ్డది. ఆమె మైకు పట్టుకునుడు అదే మొదటిసారి. నేను గూడ ఫోన్ తీసిన.

"మనం పచ్చి కట్టెల లెక్క పొగ వెడుతున్నం, గంతే," అన్నది అక్క. "పొగ వస్తే ఆఫీసోళ్లు మొఖం పక్కకు తిప్పుకుంటరు. కట్టెను ఎగదోయాలె. ఎగదోస్తెనే మంట. మంటయితెనే ఎసరు మసులుతది. ఈ సర్కారు కింద మంట వెట్టాలె మనం!"

జనం చప్పట్లు కొట్టిండ్రు. అక్క ఆగి, చీర కొంగుతోటి మొఖం తుడుసుకోని, ఇంకో రెండు ముచ్చట్లు చెప్పింది. నేను రెండు కిలోల టమాట, ఒక కట్ట గోంగూర తీస్కోని ఇంటికొచ్చిన.

మూడు రోజులకు, మంగళవారం, నాలుగో పీరియడ్ల కానిస్టేబుల్ బడికొచ్చిండు. అక్క కోసమే వచ్చిండనుకున్న. కాదు, తెలుగు మేడమ్ ఎవరని అడిగిండట. హెడ్మాస్టర్ నా దిక్కు చూసిన చూపు నాకు ఇప్పటికీ యాదికున్నది. నేనేదో పని చేసి ఆయనకు చెప్పకుండ దాసినట్టు చూసిండు.

స్టేషన్ల ఎస్సై చిన్న పిలగాడు, మర్యాద తెల్సినోడు. కుర్సీ ఏసి చాయ్ తెప్పిచ్చిండు. "మేడమ్, మీ మీద ఏం లేదు. ఒక మాటకు అర్థం గావాలె, రాసియ్యాలె" అన్నడు. ఆయన ఫోన్ల ఒక వీడియో చూపిచ్చిండు. పట్టుమని పది సెకండ్లు లేదు. అక్క మొఖం, కింద పసుపు పచ్చ అక్షరాలల్ల 'సర్కారు మీద జనాన్ని ఎగదోస్తున్న వంట మనిషి' అని రాసున్నది. పైన ఫ్యాను కటకట కొట్టుకుంటుంది, పక్కన వైర్‌లెస్ సెట్టు మొత్తుకుంటుంది. "కట్టెను ఎగదోయాలె... ఈ సర్కారు కింద మంట వెట్టాలె" ఒక్కటే నాకు ఇనవడ్డది. నడుమల మాటలు కోసేసిండ్రు.

"ఫిర్యాదు ఇచ్చినాయన ఇది రాజద్రోహం అని రాసిండు," అన్నడు ఎస్సై. "ఆ పేరు పాత చట్టంల ఉండె. కొత్త దాంట్ల ఆ పేరు తీసేసిండ్రు. గని పేరు తీసినంత మాత్రాన అంతా పోలే. దేశం ఐక్యతకు హాని చేసుడు అని ఒక సెక్షన్ ఉన్నది. నేను పట్నంల చదువుకున్న, మా ఇంట్ల ఎప్పుడూ గ్యాసే. ఎగదోసుడు అంటే రెచ్చగొట్టుడే గద మేడమ్?"

అవ్ అనలేకపోయిన. కాదు అననూ లేకపోయిన. "రెండర్థాలు ఉన్నయ్ సార్, చూసి రాసిస్త" అన్న.

"రెండిట్ల ఏదో ఒకటి రాయాలె గద."

"ఎవరు తీసిండ్రు సార్ ఈ వీడియో?"

ఆయన నవ్విండు. "అది మాకు గూడ తెల్వదు. ఎవరో పంపిండ్రు. మీకు తెలిస్తే చెప్పుండ్రి."

బయటికొస్తుంటే ఎదురుంగ మా బడి ఉన్న ఊరి మనుషులు ఇద్దరు, బండి ఆపి నన్నే చూస్తున్నరు. పలకరిద్దామని చెయ్యి ఎత్తిన. వాళ్లు బండి స్టార్ట్ చేసుకోని పోయిండ్రు.

ఆ సాయంత్రం ఇంట్ల నిఘంటువు ముందలేసుకోని కూసున్న. ఎగదోయు అంటే పైకి తోయుడు, పొయ్యిల కట్టెను, దీపంల వత్తిని ముందుకు జరుపుడు. ఆ ఎనుకనే ఇంకో అర్థం, మనుషులను రేపుడు, కయ్యానికి పంపుడు. అక్కడితోని ఆగలే, పక్క మాటలు గూడ చూసిన. పురికొల్పుడు అంటే మంచి పనికైనా చెడ్డ పనికైనా నడుస్తది. ఉసిగొల్పుడు అంటే కుక్కను ఉస్కో అని మీదికి ఇడిసిపెట్టినట్టు. రెచ్చగొట్టుడుల కోపమే ఉంటది. మా దిక్కు 'ఎక్కిచ్చుడు' అని గూడ అంటరు, ఒకని చెవుల ఊది ఇంకొకని మీదికి తోలుడు. ఇన్ని మాటలుండంగ రాజద్రోహం అనే మాట మాత్రం ఎన్నడు మా ఊర్లల్ల ఎవరి నోట ఇనలే. రాజు లేడు గని ఆయనకు చేసే ద్రోహం మిగిలింది. టీవీలల్ల అయితే రాజద్రోహం, దేశద్రోహం రెండు ఒకటే అన్నట్టు మాట్లాడుతరు. పాత చట్టం ఏమన్నదో గూడ ఫోన్ల వెతికి చదివిన. నా మాటల్ల చెప్పాలంటే, సర్కారు మీద ద్వేషం, ధిక్కారం, అప్రీతి పుట్టిచ్చుడు నేరం. అప్రీతి అన్న కాడ ఆగిపోయిన. ప్రీతి లేకపోవుడు. నాకు మా సర్కారు మీద ప్రీతి ఉన్నదా అని నన్ను నేనే అడుగుకున్న.

మా ఆయన చేతులకు గ్రీజు కడుక్కుంట, "ఒక్క అర్థం రాసి ఇచ్చేసెయ్, పొయ్యి కట్టె అని. నీకెందుకు లొల్లి?" అన్నడు.

"రేపు ఇంకో పంతులును పిలిచి అడిగితే? నేను దాసిన అంటరు."

"రెండోది రాస్తే ఆమె లోపలికి పోతది."

నేను నిఘంటువు మూసి పెట్టిన.

మరునాడు బడికి పోతే అంతా మారిపోయింది. నేను పొయ్యి కాడికి పోతే అక్క పక్కన బియ్యం ఏరే ఇద్దరు ఆడోళ్లు మాట ఆపిండ్రు. అక్క మామూలుగనే "కూసో టీచరమ్మా" అన్నది గని పీట జరపలే. వీడియో తీసి పోలీసులకు ఇచ్చింది తెలుగు మేడమే అని ఊర్ల అనుకుంటున్నరని మా అటెండర్ చెప్పింది. స్టేషన్ల నాకు చాయ్ ఇచ్చిండ్రన్న సంగతి గూడ ఊర్ల తెల్సిపోయింది. హెడ్మాస్టర్ పిలిచి, "మేడమ్, ఆ రోజు మీరు ఆ టెంట్ కాడ ఉన్నరా?" అని అడిగిండు. "కూరగాయలకు పోయిన సార్" అన్న. అది అబద్ధం కాదు, నిజం గూడ మొత్తం కాదు.

ఇగ నాకు ఒక్కటే పని అయ్యింది. ఎవరు తీసిండ్రు? ఎవరు కోసిండ్రు? ఆ రోజు టెంట్ కాడ ఎవరెవరి చేతుల ఫోన్లున్నయో కండ్లు మూసుకోని యాది చేసుకున్న. చెరుకు రసం బండాయన మీద గూడ అనుమానపడ్డ. చివరికి నా చూపు మా లెక్కల సార్ మీద నిలిచింది. ఆయనకు నాదర్‌గుల్ దిక్కు, ఇబ్రహీంపట్నం దిక్కు ప్లాట్లు అమ్మిపెట్టే సైడు పని ఉన్నది. రోడ్డు వస్తే ఆయన వెంచర్ ముందలకెళ్లే పోతది. ఆ శనివారం ఆయన గూడ మార్కెట్ల కనవడ్డడు. నా లెక్క నాకు సరిగ్గ కుదిరింది. ఆయన ఫోన్ల మాట్లాడుకుంట బయటికి పోతే నా గురించే అనుకున్న. నన్ను చూసి నవ్వితే నాటకం అనుకున్న, నవ్వకపోతే తప్పు చేసిండు కాబట్టే అనుకున్న.

గురువారం స్టాఫ్ రూంల అందరం తింటున్నం. ఆయన "అక్క సంగతి ఏమైంది మేడమ్?" అని అడిగిండు. నా నోరు ఆగలే.

"మీ ప్లాట్ల కాడికి రోడ్డు రావాలంటే వంట చేసుకునే ఆమెను జైల్ల ఏపియ్యాల్నా సార్?"

ఆయన తినేది ఆపి, డబ్బా మూత పెట్టుకోని, చేతులు కడుక్కోని బయటికి పోయిండు. దొరికిపోయిండు అనుకున్న. లోపల సంతోషం గూడ అయ్యింది, అది దాయను.

మరునాడు ప్రార్థన అయినంక ఆయన నా క్లాస్ బయట నిలవడి, "ఒక్క నిమిషం మేడమ్" అన్నడు. చేతిల ఫోన్, చెవుల పెట్టుకునే వైర్లు. "ఆ వీడియోనే. చివర్ల ఇనుండ్రి, మైకుల మాట కాదు, దగ్గరిది."

చెవుల పెట్టుకున్న. అక్క "మంట వెట్టాలె మనం" అన్నంక, చప్పట్ల కంటె ముందల, ఫోన్‌కు ఆనుకోని ఉన్నట్టు ఒక ఆడమనిషి గొంతు, "అబ్బ, ఏం మాట అక్కా!"

అది నా గొంతు.

వైర్లు తీసి ఆయన చేతిల పెట్టిన. అప్పుడు యాదికొచ్చింది. ఆ శనివారం ఇంటికొచ్చి, టమాటలు కడగకముందే, ఆ వీడియోను మా తెలుగు పంతుళ్ల వాట్సాప్ గ్రూపుల పెట్టిన. 'పోలిక అంటే ఏందో పిల్లలకు ఇట్ల చెప్పాలె' అని కింద రాసిన. ఆ గ్రూపుల పొద్దందాక పద్యాలు, శుభోదయాలు, రిటైర్మెంట్ ఫోటోలు వస్తయి. ఎవరో ఇద్దరు దండం బొమ్మ పెట్టిండ్రు. నేను మర్చిపోయిన. అది బయటికి పంపినట్టని నాకు అనిపియ్యలే, మన తెలుగు పంతుళ్లే గద అనుకున్న. ఆ గ్రూపుల ఎవరో నా వీడియోను కోసి, రాత రాసి, బయటికి ఇడిసిండ్రు.

"ఎప్పుడు తెల్సింది సార్ మీకు?"

"బుధవారం."

"నిన్న నేను అంత మాటన్నప్పుడు చెప్పకపోతిరి?"

"అందరున్నరు కద మేడమ్," అన్నడు. "ఎస్సై నాకు ఎరికే. ఆయనకూ చెప్పలే. మీరే చెప్తరనుకున్న." వైర్లు చుట్టుకోని తన క్లాస్‌కు పోయిండు.

ఆ పీరియడ్ పిల్లలను చదువుకోమని చెప్పి కిటికీ కాడ కూసున్న. చెప్పకపోతే ఎవరికీ తెల్వదు. సార్ చెప్పడు. ఎస్సైకి పొయ్యి అర్థం రాసిస్తే అక్క గూడ బయటపడొచ్చు. ఈ ఆలోచన నాకు రెండు మూడు సార్లు వచ్చింది. గంట కొట్టినంక లేచి పొయ్యి కాడికి పోయిన. ఆడోళ్లిద్దరూ ఉన్నరు. వాళ్లు పోయేదాక ఆగుదామనుకున్న గని ఆగితే చెప్పనని భయమయ్యింది.

"అక్కా, ఆ వీడియో నేనే తీసిన. నేనే పంపిన. పోలీసులకు కాదు, మా పంతుళ్లకు. నీ మాట బాగుందని పంపిన."

అక్క గంటె తిప్పుడు ఆపలే. పప్పు ఉడుకుతుంది. "నన్ను అడగాలె గద ముందుగాల" అన్నది.

"అవ్."

"నా మాట బాగుంటే నాకు చెప్పాలె. ఊరందరికి ఎందుకు?"

ఎస్సై ఏమడిగిండో, నిఘంటువుల ఏమున్నదో చెప్పిన. పొయ్యి అర్థం ఒక్కటే రాస్తనని, రెండోది ఇడిసిపెడతనని అన్న. అప్పుడు మొదటిసారి నా దిక్కు తిరిగింది.

"ఎందుకు ఇడిసిపెడతవ్? రెండోది గూడ రాయి. నేను రెండు తీర్ల అన్న. కట్టె గురించి చెప్పనీకె టెంటేసుకోని కూసున్ననా? మనుషులను ఎగదోయనీకెనే పోయిన. ఇంట్ల పండుకున్నోళ్లను లేపనీకె పోయిన. అది తప్పయితే తప్పే. నన్ను ఏమెరుకలేని ముసల్దాన్ని చెయ్యకు టీచరమ్మా."

"జైలంటున్నరు అక్కా."

"మరి నేను ఎవలను కొట్టమన్న? యాడ అగ్గి పెట్టమన్న? మొత్తం ఉన్నది గద నీ ఫోన్ల, అది సూపియ్."

మొత్తం ఉన్నది. చప్పట్లు అయినంక, మొఖం తుడుసుకున్నంక అక్క అన్న మాటలు గూడ ఉన్నయి. "మంట అంటే అగ్గిపుల్ల కాదు. సోమవారం నాడు ఒక్కలు గూడ ఇంట్ల ఉండొద్దు. ఎవల పాస్‌బుక్కు వాళ్లు పట్టుకోని ఆఫీసుల కూసుందాం. కాగితం సూపెట్టేదాక లేవొద్దు." ఆ ముక్క ఎవరూ చూడలే, నేను గూడ రెండోసారి చూడలే.

మధ్యాహ్నం సగం దినం సెలవు రాసి స్టేషన్‌కు పోయిన. ఎస్సై మొత్తం వీడియో రెండు సార్లు చూసిండు. నేను రాసుకొచ్చిన కాగితం ఇచ్చిన. అందుల రెండు అర్థాలు రాసిన. ఆ మాట మనుషుల మీద వాడినప్పుడు కయ్యానికైనా కావొచ్చు, పనికైనా కావొచ్చు, ఏది అన్నది పక్క మాటలు చెప్తయి, పక్క మాటలు ఈ వీడియోల ఉన్నయి అని రాసిన. దస్తూరి మాత్రం బాగ రాలే.

"ఈ వీడియో ఎవరు తీసిండ్రు మేడమ్?"

"నేనే."

ఆయన పెన్ను కింద పెట్టిండు. "మీరు సర్కారు ఉద్యోగి. మీ ఫోన్ల తీసిన అని రాసిస్తే మీ డిపార్ట్‌మెంట్ అడగొచ్చు. ఆలోచించుకోండ్రి."

"రాసిస్త సార్. లేకుంటే మీరు దీన్ని నమ్మరు."

రాసిచ్చిన. ఫోన్ వాళ్ల దగ్గరే రెండు రోజులు పెట్టుకున్నరు. ఆ రెండు రోజులు నా ఫోన్ల ఇంకేమేం చూస్తున్నరో అని అదే ఆలోచన. మా చెల్లెతోటి అత్తగారింటి ముచ్చట్లు, మా ఆయనతోటి కొట్లాటలు, అన్నీ అందులనే ఉన్నయి.

వారం తర్వాత అక్కను పిలిచి, ఫిర్యాదుల పస లేదని రాసి మూసేస్తున్నమని చెప్పిండ్రు. ఫిర్యాదు ఇచ్చినాయన పేరు మాకు చెప్పలే. అబ్దుల్లాపూర్‌మెట్ దిక్కు మనిషని ఒకరు, కాదు మన ఊరోడే అని ఒకరు అంటరు. నా వీడియోను కోసింది ఎవరో ఇప్పటికీ తెల్వదు. గ్రూపుల అడిగిన. ఒక్కలు గూడ పలకలే, ఆ దినం పద్యం గూడ ఎవరూ పెట్టలే. నేను అందులకెళ్లి బయటికొచ్చిన. ఇప్పుడు మీటింగులల్ల ఎవరన్న తెలుగు టీచర్ దగ్గరికొచ్చి కూసుంటే, నవ్వుకుంట మాట్లాడుతనే, నువ్వేనా అని లోపల అడుగుత.

నా మీద విచారణ అని పెద్దగ ఏం రాలే. హెడ్మాస్టర్ సంజాయిషీ అడిగిండు, ఒక పేజీ రాసిచ్చిన. లెక్కల సార్ కాడికి, తినే టైంల, అందరి ముందలనే పోయి, "తప్పయ్యింది సార్" అన్న. "సరే మేడమ్" అన్నడు. అంతే. ఇప్పుడు గూడ మేం మాట్లాడుకుంటం. గని ఆయన ప్లాట్ల ముచ్చట నా ముందల ఎత్తడు.

అక్క ఇంకా వండుతుంది. ఆ సోమవారం నుంచి ఇప్పటిదాక ఊరోళ్లు నాలుగు సార్లు ఆఫీసుల కూసున్నరు. ఒక పటం అయితే సూపిచ్చిండ్రు, దాని మీద సంతకం లేదు. అక్క మైకు పట్టుకునుడు మానలే. నాతోటి మంచిగనే ఉంటది. కాకపోతే ఏదన్న మంచి మాట నోట్లెకెళ్లి రాంగనే ఒక్క క్షణం ఆగి నా చేతుల దిక్కు చూస్తది. నేను డైరీల రాసుకునుడు బందు పెట్టిన. రాయాల్నంటే అడుగుత. ఒక్కోసారి వద్దంటది.

పోయిన వారం తొమ్మిదో తరగతిల ఒక అమ్మాయి లేచి, "మేడమ్, తిరుగుబాటుకు రాజద్రోహానికి తేడా ఏంది?" అని అడిగింది. పాఠంల ఆ మాట లేదు. ఎందుకు అడిగిందో, ఎవరు అడగమన్నరో అని అనుమానం వచ్చింది. తలుపు దిక్కు చూసిన, ఎవరూ లేరు. తిరుగుబాటు అనేది చేసేటోళ్లు పెట్టుకునే పేరమ్మా, రాజద్రోహం అనేది ఏలేటోళ్లు పెట్టే పేరు, రెండిట్ల ఏది సరైందో అప్పుడు ఏం జరిగిందో చూసి చెప్పాలె అన్న. ఆ పిల్ల తలకాయ వంచి నోట్‌బుక్కుల మొత్తం రాసుకున్నది, కింద నా సబ్జెక్టు పేరు, తారీఖు గూడ ఏసింది. ఆ నోట్‌బుక్కు ఇంట్ల ఎవరెవరు చూస్తరో అని బస్టాండ్ దాక ఆలోచించుకుంటనే వచ్చిన.